ఉంగరం ఎవరికి? ఖోలీ ఎవరికి?

2024లో ధారావిలో ఇళ్ల సర్వే మొదలైన నాటి నుంచి మా చాల్‌లో ఏ గడప దగ్గర చూసినా ఒకటే మాట: ఖోలీ ఎవరి పేరు మీద ఉంది? మాదీ అదే కథ. ఖోలీ నాయిన పేరు మీద ఉంది. మేము ముగ్గురు అన్నదమ్ములం, నేను పెద్దవాణ్ణి. తన తరువాత ఎవరికో ఆయన చెప్పడు, మేము అడగం. మొహమాటం! ఈ మొహమాటమే ఒకప్పుడు మన రాజ్యాన్ని ఎంత పని చేసిందో చదివాక నాకు నిద్ర పట్టలేదు.

వేలూరు నుంచి విజయనగర రాజ్యాన్ని ఏలిన రెండవ వెంకటపతి రాయలకు సంతానం లేదు. రాణుల్లో ఒకామె ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెచ్చుకుని తన కన్నకొడుకేనని చెప్పింది. రాయలకు నిజం తెలుసు. అయినా రాణి మీది ప్రేమతో తెలియనట్టే ఊరుకున్నాడు. ఆ పిల్లవాణ్ణి పెంచి పెళ్లి కూడా చేశాడు. తీరా 1614లో, కన్నుమూయడానికి మూడు రోజుల ముందు, సామంతుల ఎదుట రాజముద్ర ఉంగరాన్ని అన్న కొడుకు శ్రీరంగరాయలకు అందించాడు. శ్రీరంగరాయలు ఏడుస్తూ తనకు వద్దన్నాడు. చివరికి పెద్దల మాట మీద దాన్ని తలకు అద్దుకుని వేలికి పెట్టుకున్నాడు.

రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయలు ఊరుకోలేదు. కొత్త రాజును కుటుంబంతో సహా చెరపట్టాడు. చివరికి వారంతా బలయ్యారు. ఒక్క రామదేవుడు తప్ప! పన్నెండేళ్ల ఆ బాలుణ్ణి వెలుగోటి యాచమ నాయకుడు ఒక చాకలి సాయంతో కోట దాటించాడు. బరాదాస్ అనే పోర్చుగీసు పాదిరి 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో ఈ సంగతులన్నీ ఉన్నాయి. రాజవంశాన్ని నిలబెట్టిన ఆ చాకలి పేరు మాత్రం లేదు.

తంజావూరు రఘునాథ నాయకుడు బాలుడి పక్షం, మధుర, జింజి నాయకులు జగ్గరాయల పక్షం చేరారు. 1616 చివర కావేరి తీరాన, కల్లణై దగ్గరి తోపూరులో జరిగిన పోరులో జగ్గరాయలు హతుడయ్యాడు. రామదేవుడు రాజై 1632 వరకు ఏలాడు. కాని సామంతులు ఎవరి దారి వారు చూసుకున్నారు. రాజ్యానికి మునుపటి బలం మళ్లీ రాలేదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. స్పెయిన్‌ను ఏలిన విసిగోతులదీ ఇదే దారి. 710లో విటిజా రాజు పోగానే రోడరిక్, అఖిలా రాజ్యాన్ని చెరో భాగం పంచుకున్నారు. 711లో సముద్రం దాటి వచ్చిన సైన్యాన్ని ఎదుర్కొనే బలం వారికి లేకపోయింది.

మొన్న ఆదివారం ధైర్యం చేసి అడిగాను. “నాయినా, ఖోలీ ముచ్చట ముగ్గురి ముందట నీ నోటితోటే చెప్పు.”

నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “ముగ్గురి ముందట గాదు బిడ్డా. కామాటిపుర నుంచి మీ చెల్లెను గూడ పిలువుండ్రి. నలుగురు గూసున్నంక చెప్త.”

చెల్లెలి సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.