అణా పోయిన లెక్క

ఉద్దానము కొబ్బరి తోటలకు ప్రసిద్ధి. పలాస సంతలోగాని టెక్కలి సంతలోగాని ఒక కాయ వెల అణా యని యనుకొనుడు. నాలుగు కాయలకు పావలా యిచ్చిన సరిపోవును. ఏలయన పూర్వము రూపాయికి పదునారణాలు, అణాకు నాలుగు కానులు. లెక్క యంతయు సగములు, పావులుగా సాగెడిది. అంచున వంకులు గల అణా నాణెము, రాగి నికెలుల మిశ్రమముతో, 1907లో వెలువడెను.

1955లో పార్లమెంటు నాణెముల చట్టమును సవరించెను. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు నయాపైసలైనవి. రూపాయి విలువ మారలేదు. దాని భాగములే మారినవి. పావలాకు సరిగా 25 వచ్చెను; అణాకు మాత్రము 6¼ వచ్చెను. పావు పైసకు నాణెము లేదు. కావున సగముగాని అంతకు తక్కువగాని యున్న భిన్నమును విడిచి, సగమునకు మించినదానిని ఒకటిగా పట్టిరి. అట్లు అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19 నయాపైసలు నిర్ణయమైనవి.

ఇందలి చిక్కు చూడుడు. నాలుగు కాయలను నలుగురికి అమ్మినచో 24 నయాపైసలే వచ్చును. ఒక్కరికే అమ్మినచో 25 వచ్చును. చిల్లరగా అమ్ముకొను పేదకు ఒక పైస నష్టము. మూడణాల సరకైనచో కొనువానికే పావు పైస నష్టము. కావున మొదట మొత్తము కూడి, పిమ్మట ఒక్కమారే మార్చవలెను. బడిలెక్కలలోను భిన్నములను చివరనే సవరించుటకు కారణమిదే.

1964 జూన్ 1న "నయా" అను మాట తొలగెను. 2011 జూన్ 30 నుండి పావలా నాణెమును చెల్లలేదు. అయినను నిండుదనమును తెలుపుటకు తెలుగువారు నేటికిని "పదహారణాలు" అనియే యందురు.