తెగే వైరు, తరిగే బ్యాటరీ

యాపిల్ సంస్థ 2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ జాక్ పెట్టే రంధ్రాన్ని తొలగించి, అదే ఏడాది డిసెంబరులో ఎయిర్‌పాడ్స్‌ను అమ్మకానికి తెచ్చిన తరువాత వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వాడకం విస్తరించింది గాని, సౌకర్యం పెరిగినంతగా మన్నిక పెరగలేదు.

వైరు ఇయర్‌ఫోన్లు ఎక్కువగా పాడయ్యేది స్పీకరు వద్ద కాదు, జాక్‌ను ఆనుకొని ఉన్న అంగుళం వైరులోనే. అందులోని సన్నని రాగి పోగులు, జేబులో ఫోను కదిలిన ప్రతిసారీ ఒకేచోట వంగి వంగి ఒక్కొక్కటిగా తెగిపోవడం వల్ల, మొదట ఒక చెవిలో పాట వచ్చిపోతూ, పిదప వైరును ఒక వాటంలో పట్టుకుంటేనే వినిపిస్తుంది. ఆ ముక్కను కత్తిరించి కొత్త జాక్‌ను టంకం వేస్తే, అనగా కరిగించిన లోహంతో అతికిస్తే, ఇయర్‌ఫోన్లు మళ్లీ పలుకుతాయి. చవక రకాలకు అంత శ్రమ ఎవరూ పడరన్నది వేరే సంగతి.

వైర్‌లెస్ బడ్స్‌లో లోపం కంటికి కనబడదు. ప్రతి బడ్‌లోని చిన్న లిథియం అయాన్ బ్యాటరీ, కొన్ని వందల ఆవృత్తుల తరువాత, అంటే అన్నిసార్లు పూర్తిగా వాడి ఛార్జ్ చేసిన తరువాత, నిల్వ సామర్థ్యాన్ని కొంత కోల్పోతుంది; బడ్‌ను సాధారణంగా జిగురుతో మూసివేస్తారు కనుక బ్యాటరీని మార్చడం మరమ్మతు దుకాణాలకు సైతం కష్టమే. ఒక బడ్ బస్సులో జారిపోతే రెండోది ఉన్నా జత చెడినట్టే. అయినప్పటికీ, నడకలోనూ వంటింట్లోనూ వైరు తగులుకోని స్వేచ్ఛ చిన్నది కాదు; అయితే బ్లూటూత్ సంకేతంలోని స్వల్ప జాప్యం పాటలకు అడ్డు కాకపోయినా, వేగంగా ఆడే వీడియోగేముల్లో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.