బిడ్డ త్రోవలో ఒక పుస్తకం

విద్య అనగానే మనకు బడి, గంట, పాఠ్యపుస్తకం, పరీక్ష స్ఫురిస్తాయి. ఈ నాలుగూ లేకుండా బిడ్డలకు చదువు అబ్బునా? అబ్బుననే విశ్వాసంతో జీవిస్తున్న కుటుంబాలు అమెరికాలో ఉన్నాయి. వారి విధానానికి ‘అన్‌స్కూలింగ్’ అని పేరు. బడిపాఠాలను ఇంటికి తెచ్చి చెప్పడం కాదిది. ముందుగా నిర్ణయించిన పాఠక్రమం లేకుండా, బిడ్డ జిజ్ఞాసను అనుసరించి సాగే చదువు.

ఈ భావానికి ప్రచారం కల్పించినవాడు జాన్ హోల్ట్ (1923–1985). ఆయన స్వయంగా ఉపాధ్యాయుడు. తరగతిలో పిల్లలు విషయాన్ని గ్రహించడానికి కాక, ఉపాధ్యాయుడు కోరే జవాబును పసిగట్టడానికే తమ తెలివిని వెచ్చిస్తున్నారని గమనించి, 1964లో ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. బడులను సంస్కరించవచ్చునన్న నమ్మకం క్రమంగా సడలగా, 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ అనే పత్రికను స్థాపించాడు.

అయితే బడి మాన్పించి ఊరకున్నంత మాత్రాన చదువు రాదు. సముద్రాన్ని గూర్చి వినని బిడ్డ సముద్రం చూపమని అడగదు. లోకాన్ని బిడ్డ చేరువకు తేవడం పెద్దల ధర్మం. తెచ్చే తీరులోనే మెలకువ ఉన్నది. ఈ తల్లిదండ్రులు ఆసక్తి కలిగించగల వస్తువులను బిడ్డ తిరుగాడే చోట ఉంచుతారు: బల్లపై ఒక భూపటం, కిటికీ వద్ద భూతద్దం, వంటింట ఒక త్రాసు. దీనిని వారు ‘స్ట్రూయింగ్’ అంటారు; మన మాటలో వెదజల్లడం. విత్తు చల్లిన రైతు మొలక వచ్చినదా అని గడియకొకసారి మన్ను తవ్వి చూడడు గదా!

చెలో అనే పెద్ద తంత్రీవాద్యాన్ని పసిపిల్లల చేతికిచ్చిన అనుభవాన్ని హోల్ట్ ‘హౌ చిల్డ్రన్ లెర్న్’ (1967)లో వివరించాడు. పిల్లలు మొదట కమానును ఎడాపెడా లాగుతారు. ఎవరూ దిద్దకుంటే, కొంతసేపటికి వారే నిదానించి, ఏ పని వలన ఏ ధ్వని మారుతున్నదో పరిశీలించసాగుతారు.

దిద్దకుండా ఉండడం ఎంత కష్టమో నాకు తెలిసివచ్చినది. మా అబ్బాయి మంచంపై నక్షత్రాలను గూర్చిన పుస్తకం ఒకటి పెట్టాను. వాడే తెరిచాడు, రెండు రాత్రులు మిద్దె ఎక్కి ఆకాశం చూశాడు. నా అధ్యాపకబుద్ధి ఊరుకోలేదు. మూడవనాడు భోజనం వద్ద, “శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు దేనితో ఏర్పడినవి?” అని అడిగాను. వాడు సరిగానే చెప్పాడు. పుస్తకం మాత్రం మరల తెరవలేదు. నేనిచ్చిన కానుక వెనుక ఒక పరీక్ష దాగి ఉన్నదని వాడు గ్రహించాడు.

విద్యార్థులారా! బడిని వదలమని నేను చెప్పడం లేదు. బిడ్డను బడికి పంపడమే తాతముత్తాతలకు తీరని కోరికయైన ఇండ్ల నుండి మనలో అనేకులం వచ్చాము. 6 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు విద్యను హక్కుగా చేసిన చట్టం 2009లో గాని రాలేదు. పుస్తకమే లేని ఇంట వెదజల్లడానికి ఏముంటుంది? తల్లిదండ్రులకు తీరిక లేని చోట బడియే ఆ పని చేయవలెను. మీలో రేపు ఉపాధ్యాయులయ్యేవారు, నేడు ఇంట తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నవారు ఒక్క నియమం పాటించండి: ఇచ్చిన దానికి వెంటనే లెక్క అడగకండి.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. గ్రంథాలయంలో తాళం వేసిన అలమరల నుండి పది పుస్తకాలు, ఉర్దూవి ఐదు, తెలుగువి ఐదు, వరండాలోని బల్లపై ఉంచండి. సంతకం అడగవద్దు. కొన్ని పోవచ్చును. పోయిన పుస్తకం ఎవరో ఒకరి ఇంట, ఏదో ఒక బిడ్డ త్రోవలో పడి ఉంటుంది.