పురానాపూల్ అవతలి ఆస్కార్ గొంతు

చార్మినార్ నుంచి పడమరకు సాగే లాడ్ బజార్‌లో పెళ్లి బేరాలకు కాలంతో పని లేదు. లక్కను కరిగించి, గాజుగా వంచి, వేడి మీద ఉండగానే ఒక్కొక్క రాయినీ చేత్తో పొదిగే ఇక్కడి పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజులు కొనుక్కున్నాక వెనక్కి తిరగకుండా, మహబూబ్ చౌక్ గడియార స్తంభం, హుస్సేనీ ఆలం మీదుగా ముందుకే పోతే మూసీ మీద పురానాపూల్ వస్తుంది. 1578లో కట్టిన వంతెన అది. హైదరాబాద్‌కు పునాది పడింది 1591లో కాబట్టి నగరం కంటే పదమూడేళ్లు పెద్దది. దాన్ని దాటితే ధూల్‌పేట, మంగళ్‌హాట్. ఆస్కార్ వేదిక మీద తెలుగులో పాడిన రాహుల్ సిప్లిగంజ్ పెరిగింది ఆ గల్లీల్లోనే.

అతను పాడిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమా పాట ‘నాటు నాటు’ రికార్డులు అందరికీ కంఠతా వచ్చు. ఆ పాట వెనకున్న వింతలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నా దృష్టిలో అసలు విశేషాలు అవే.

దర్బారు నుంచి డాల్బీ దాకా

రాహుల్ నాన్నగారిది సెలూన్. చిన్నప్పుడు ఇంట్లో గిన్నెల మీద దరువు వేస్తూ పాడుతుంటే ఆయనే గమనించి సంగీతంలో పెట్టారు. గురువు ఎవరనుకున్నారు? గజల్ విద్వాంసులు పండిత్ విఠల్‌రావు. ఏడో నిజాం రెండో కుమారుడు మొజ్జం జా దర్బారులో చిన్న వయసు నుంచే పాడినవారు ఆయన. ఆ దర్బారు తరానికి మిగిలిన చివరి గొంతుల్లో ఒకటిగా నగరం ఆయన్ను గౌరవించుకుంది. 2015లో కన్నుమూశారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి గజల్ నేర్చుకున్న కుర్రవాడు 2023 మార్చిలో లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్‌లో, సహగాయకుడు కాలభైరవతో కలిసి ఊరమాస్ పాట పాడాడు. ఆసఫ్‌జాహీ దర్బారుకూ ఆస్కార్‌కూ మధ్య ఉన్నది ఒకే ఒక్క గురువు! ఈ పాట గురించిన విశేషాల్లో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇదే. గజల్‌కూ నాటుకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. అంత వేగంలో, అంత కిక్కిరిసిన మాటల్లో ఒక్క అక్షరమైనా నలగకుండా పలకాలంటే గొంతుకు ఎంత శిక్షణ ఉండాలో మళ్లీ ఒకసారి వినండి.

సినిమాల్లో రాహుల్ తొలి అడుగు 2009 నాటి ‘జోష్’. కానీ కుర్రకారుకు అతను దగ్గరైంది యూట్యూబ్‌లో సొంతంగా చేసుకున్న ‘మాకికిరికిరి’, ‘గల్లీ కా గణేశ్’, ‘దావత్’ లాంటి పాటలతో. 2019లో బిగ్ బాస్ మూడో సీజన్ గెలిచాడు. ‘నాటు నాటు’ రాసిన చంద్రబోస్ మాటలకు గొంతునివ్వడం కూడా కొత్త కాదు. ‘రంగస్థలం’ టైటిల్ పాట వాళ్లిద్దరిదే.

అర పూట, పందొమ్మిది నెలలు

చంద్రబోస్‌ది భూపాలపల్లి జిల్లా చల్లగరిగ. ఇంజినీరింగ్ చదివి పాటల్లోకి వచ్చారు. 1995లో ‘తాజ్ మహల్’తో మొదలు. ‘నాటు నాటు’లో తొంభై శాతం అర పూటలో రాసేశానని ఆయనే చెప్పారు. మిగతా పది శాతానికి పట్టిన కాలం ఏడాది ఏడు నెలలు! ఇలాంటి లెక్క ఏ రికార్డు పుస్తకానికీ ఎక్కదు, ఎక్కితే బాగుండును. సినిమా పాట అంటే గంటలో అల్లేసే పని అనుకునేవారికి ఇంతకు మించిన జవాబు లేదు. పాటలో ఉన్నదంతా ఆయన ఊళ్లో చూసిందే: జాతర, జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు, దుమ్ము రేగే ఆట. పరాయి రాజుల బంగళాలో నిలబడి ఇద్దరు కుర్రాళ్లు మా ఊరు ఇదీ అని చెప్పే సందర్భానికి అంతకంటే సూటి సరుకు దొరకదు.

బాణీకి కీరవాణి ఎంచుకున్నది ఆరు-ఎనిమిది నడక. మన పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో కాళ్లను ఊరికే ఉండనివ్వని నడక అది. పాట వెన్నెముక డప్పే. కీరవాణి ఇంతకంటే గొప్ప రాగాలు కట్టలేదా అని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. కట్టారు, నిజమే, ‘అన్నమయ్య’ ఆయనదే. అయితే ఇక్కడ కావలసింది రాగం కాదు, దరువు. ఆ సంగతి తెలిసి రాగాన్ని వెనక్కి పెట్టడం కూడా విద్వత్తే అంటాను.

పద్దెనిమిది టేకులు

నృత్య దర్శకుడు ప్రేమ్ రక్షిత్ ఈ పాట కోసం నూటికి పైగా స్టెప్పులు కూర్చారు. దర్శకుడు రాజమౌళి వాటిలోంచి ఏరారు. ఇద్దరు హీరోల కాళ్లూ చేతులూ ఒకే క్షణంలో కదలాలని పట్టుబట్టి, భుజాలు పట్టుకుని వేసే ఆ స్టెప్పుకు పద్దెనిమిది టేకులు తీశారు. చివరికి ఓకే చేసింది రెండో టేకును!

తీసిన చోటు ఇంకో వింత. 2021 ఆగస్టులో కీవ్ నగరంలోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు చిత్రీకరించారు. అది ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికార భవనం. సుమారు ఆర్నెల్లకే, 2022 ఫిబ్రవరి 24న, ఆ దేశం మీద యుద్ధం విరుచుకుపడింది. ఆ ప్రాంగణంలో అలాంటి ఆటపాట మళ్లీ ఎప్పటికి సాధ్యమో! తెర మీద ఆ నీలి భవనం కనబడినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

98 సెకన్లు, నాలుగో పరభాష

2021 నవంబర్ 10న పాట బయటికొచ్చింది. ఆ తర్వాతి సంగతులు వరసగా: 2023 జనవరి 9న హాలీవుడ్ చైనీస్ థియేటర్‌లో ‘ఆర్ఆర్ఆర్’ ప్రదర్శనకు 932 టికెట్లు 98 సెకన్లలో అయిపోయాయి. మర్నాడు గోల్డెన్ గ్లోబ్. అక్కడ వెనకబడిన పాటల్లో టేలర్ స్విఫ్ట్, లేడీ గాగా, రిహానావి ఉన్నాయి. మార్చి 12న ఆస్కార్. భారతీయ సినిమా పాటకు ఆ విభాగంలో ఇదే మొదటిది. ‘జై హో’ రహమాన్‌దే అయినా అది ఉన్నది బ్రిటిష్ చిత్రంలో. ఇంగ్లిష్ కాని భాషలో ఆ బహుమతి గెలిచిన పాటలు అప్పటికి మూడే: గ్రీకు, స్పానిష్, హిందీ. నాలుగోది తెలుగు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకు ఆ వరసలో చోటు దొరకడానికి 95వ ఆస్కార్ దాకా ఆగవలసి వచ్చింది.

ఒక మాట చాలామందికి తెలియదు. ఆ విభాగంలో ప్రతిమ స్వరకర్తకూ రచయితకూ మాత్రమే ఇస్తారు, గాయకులకు ఇవ్వరు. లోకమంతా విన్న గొంతులకు దక్కింది వేదికా, సభ లేచి నిలబడి కొట్టిన చప్పట్లూ. రాహుల్‌కు తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో కోటి రూపాయల నజరానా ప్రకటించింది.

ఈ పాటకు ఢిల్లీలో కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది స్టెప్పులు వేశారు, జర్మన్ రాయబారి చాందినీ చౌక్‌లో వేశారు. అన్నిటికంటే విచిత్రం జపాన్‌ది. 2022 అక్టోబర్‌లో విడుదలైన సినిమా అక్కడ రజనీకాంత్ ‘ముత్తు’ పేరిట ఉన్న దాదాపు పాతికేళ్ల నాటి వసూళ్ల రికార్డును చెరిపేసింది. 2024 జనవరిలో తకరాజుకా బృందం దాన్ని రంగస్థలానికి ఎక్కించింది. నూరేళ్ల చరిత్ర ఉన్న ఆ బృందంలో అందరూ స్త్రీలే. కథానాయకులు భీమ్, రామ్ ఇద్దరూ ఆడవాళ్లే, ‘నాటు నాటు’ ఆడిందీ వాళ్లే.

సినిమా లేకుండానే

పాతబస్తీ మాటతో, సినిమా అండ లేకుండా మోగిన పాట ఇంకొకటుంది: రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’. హైదరాబాదీ యాసలోని ఆ ర్యాప్‌ను యూట్యూబ్‌లో కోట్లాది సార్లు చూశారు. అంత పేరొచ్చాక, మతవిశ్వాసం కారణంగా సంగీతం వదిలేస్తున్నానని ఆ కుర్రవాడు ప్రకటించాడు.

వీటన్నిటికీ ముందు నుంచీ ఈ గల్లీల్లో మోగుతున్నది మర్ఫా. నిజాం సైన్యంలో చేరిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిన దరువు అది. హిందూ పెళ్లి, ముస్లిం పెళ్లి, గణేశ్ ఊరేగింపు, బోనాలు అన్న తేడా లేకుండా అన్నిటా మోగింది. ఇప్పుడు డీజే పెట్టెలు ఆ చోటు ఆక్రమిస్తున్నాయి. ఈ గల్లీల పాటకు పుట్టిల్లయిన దరువు మన కళ్లముందే పలచబడటం నాకు బాధగా ఉంది. మీ ఇంట ఈ ఏడు బరాత్ ఉంటే ఒక మర్ఫా జట్టునో, డప్పు జట్టునో పిలవండి. వాళ్లు కొట్టే దెబ్బకు ఏ స్పీకరూ సాటి రాదు.