చెవి మడతలో పిడుదు, చంకలో నల్ల పెచ్చు

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో చూశాడని బడిలో చదువుకున్నాం. అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఎఫ్.ఎల్. కిల్‌బోర్న్ పశువుల్ని చంపుతున్న టెక్సాస్ జ్వరాన్ని పిడుదులే అంటిస్తున్నాయని నిరూపించారు. దోమ మీద పెట్టిన శ్రద్ధ మనం పిడుదు మీద పెట్టలేదు. విశాఖలో దోమల మందు కొట్టించమని అడగని వీధి లేదు. కుక్క చెవిలో పిడుదు కనిపిస్తే మాత్రం గిల్లి పారేసి ఊరుకుంటాం.

మన ఊరి కుక్కలను పట్టేది ఎక్కువగా గోధుమరంగు పిడుదు. ఆకలితో ఉన్నప్పుడు బల్లపరుపుగా, నువ్వుగింజంత ఉంటుంది. ఆడది వారం రోజులు రక్తం తాగాక ఆముదపు గింజలా ఉబ్బి, బూడిదరంగుకు తిరిగి, రాలిపోతుంది. నేరుగా గోడ పగుల్లోకో తలుపు చట్రం సందులోకో పాకి, అక్కడ వేల గుడ్లు పెడుతుంది. ఆరు కాళ్లతో పుట్టిన పిల్ల కుక్కనెక్కి రక్తం తాగి, రాలి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది. పెద్దదయ్యేలోపు ఈ ఎక్కడం దిగడం రెండుసార్లు జరుగుతుంది. గట్టి చలి అంటూ లేని సముద్రపుటొడ్డున ఈ చక్రం ఏడాది పొడవునా ఆగదు. అందుకే కుక్కకు ఎన్నిసార్లు స్నానం చేయించినా పిడుదులు తగ్గవు. ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి ఇంట్లో ఉంటాయి.

ఈ పిడుదు నోటి నుంచి వచ్చే ఎర్లీషియా అనే బాక్టీరియా కుక్క తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది. జ్వరం వస్తుంది, కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. బబీసియా అనే మరో క్రిమి సోకితే ఎర్ర కణాలు పగిలి మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడతారు. నాలుగు రోజులకే కుక్క హుషారుగా తోక ఊపిందని మందు ఆపేయడం మంచిది కాదు.

పిడుదును కిరోసిన్ పోసో అగ్గిపుల్లతో కాల్చో తీయకూడదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా నిటారుగా లాగాలి, వేళ్లతో చిదమకూడదు. పశువైద్యుడు చెప్పిన మాత్ర గానీ మెడ మీద వేసే చుక్కలు గానీ గడువు తప్పకుండా వాడుతూ, గోడ పగుళ్లు పూడ్చి, కుక్క పరుపును వేడినీళ్లలో ఉతకాలి. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లికి విషం, ప్రాణం తీస్తుంది.

మరి మనుషుల సంగతి? 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూరు అటవీ జ్వరం పిడుదుల వల్ల వచ్చేదే. విశాఖవాసి అంతకన్నా ముందు భయపడవలసింది పిడుదుకు దగ్గరి చుట్టమైన ఒక నల్లి (మైట్) గురించి. పొదల్లో, ఎలుకలు తిరిగే గడ్డిలో ఉండే ఆ నల్లి పిల్ల, కంటికి ఆననంత చిన్నది, కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. 2025 చివర్లో విశాఖ, విజయనగరం సహా రాష్ట్రంలో చాలా జిల్లాల్లో ఈ కేసులు బయటపడ్డాయి. సింహాచలం కొండ పాదాల్లో పశువులు మేపేవాళ్లకు, పొలాల్లో పనిచేసేవాళ్లకే కాదు, తుప్పలు పెరిగిన ఖాళీ స్థలాల పక్కన ఆడుకునే పిల్లలకూ ఇది రావచ్చు.

దీనితో చిక్కేమిటంటే, జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గడం అన్నీ డెంగీలాగే ఉంటాయి. ఇంట్లోవాళ్లు రోజూ ప్లేట్‌లెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఈలోగా రోగి ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఆనవాలు ఒంటి మీదే దొరకవచ్చు. నల్లి కుట్టినచోట చిన్న నల్ల పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటాయి. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము బిగువు దగ్గర, చెవి వెనక వెతకాలి. సిగ్గుపడో తొందరపడో చూడకపోవడం వల్లే చాలామందిలో అది దొరకదు. అందరిలోనూ పెచ్చు ఏర్పడదు కూడా. అందువల్ల పెచ్చు లేనంత మాత్రాన జబ్బు లేదని అనుకోకూడదు.

స్క్రబ్ టైఫస్ తెచ్చే బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది. జ్వరాలకు తరచుగా రాసే అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ దీని మీద పనిచేయవు. కుక్కకు వాడిన ఆ డాక్సీసైక్లినే మనిషికీ పనిచేస్తుంది, అదీ చవకగా. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు ముదిరినవారికి ఈ రెండూ కలిపి ఇస్తే విడివిడిగా ఇచ్చినదాని కన్నా మేలని మన దేశంలోనే జరిగిన పరీక్షలో తేలి, 2023లో ప్రచురితమైంది. రక్తపరీక్ష మొదటి వారంలో తరచు నెగటివ్ చూపుతుంది. అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా వైద్యులు మందు మొదలుపెట్టడం అందుకే.

వానల తర్వాత కొండలకో తోటలకో వెళ్తే నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. బట్టలు గడ్డి మీద ఆరవేయొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో వేయాలి. ఐదు రోజులైనా జ్వరం తగ్గకపోతే, రెండు మూడు వారాల కింద పొదల్లో తిరిగామని, ఒంటి మీద పెచ్చు ఉందేమో చూడమని డాక్టరును మనమే అడగాలి.