వేసవి మేతకు వానకాలపు పాతర

మంచు కురియు దేశములలో పశుపోషకులకు చలికాలమే గడ్డుకాలము. నెలల తరబడి పచ్చిక మంచుక్రింద మరుగుపడును. అందుచే అచ్చటి రైతులు పచ్చిక ఉన్ననాడే గడ్డిని కోసి ఎండబెట్టియు, పచ్చిమేతను గాలి చొరకుండ నిలువచేసియు, చలికాలమంతయు కొట్టములలో పశువులను మేపుదురు. పచ్చిమేతను చెడకుండ నిలువచేయు పద్ధతిని రూపొందించిన ఫిన్లాండు రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్తురి విర్టానెన్‌కు 1945లో నోబెల్ బహుమానము లభించినది.

ఏర్పేడు ప్రాంతమున మంచు కురియదు. అయినను మన పశువులకును ఒక గడ్డుకాలము కలదు, అది వేసవి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వర్షములకు గట్లు, బీళ్ళు పచ్చబడును. సంక్రాంతి దాటిన కొలదికాలమునకే ఆ పచ్చదనము మాయమగును. అటుపిమ్మట వామిలోని వరిగడ్డి, వేరుశనగ కట్టెయే దిక్కు. వరిగడ్డితో కడుపు నిండునే గాని బలము చేకూరదు. అందు మాంసకృత్తులు మిక్కిలి తక్కువ. పాలు తగ్గును, పశువు సకాలమున ఎదకు రాదు. తుదకు మేత కొనలేని రైతు పాడియావును సంతలో వచ్చిన వెలకు అమ్ముకొనును. వానలు పడినపిమ్మట అట్టి ఆవునే కొనవలెనన్న హెచ్చు వెల చెల్లింపవలసియుండును.

మన పెద్దలు ధాన్యమును పాతరవేసినట్లే పచ్చిమేతను పాతరవేయుట దీనికి తగిన ఉపాయము. అక్టోబరు వానలకు విత్తిన మొక్కజొన్న జనవరికి కోతకు వచ్చును. గింజ పాలుపట్టి గట్టిపడుచుండగా పైరును కోయవలెను. జొన్నయైనచో పూతకు రానిదే కోయరాదు. లేత పైరున నాము ఉండును. మేతను అంగుళము ముక్కలుగా నరికి, నీరు నిలువని మెరకలో త్రవ్విన గుంటలో పొరలుగా పోసి, గాలి మిగులకుండ త్రొక్కవలెను. పైన ప్లాస్టిక్ పట్టా పరచి మట్టితో కప్పవలెను. గాలి లేనిచోట మేతలోని చక్కెర పులిసి ఆమ్లమగును. ఆ ఆమ్లమే మేతను కుళ్ళకుండ కాపాడును. 45 దినములకు గుంటను తెరవవచ్చును. ప్రతిదినము కావలసినంత తీసి తిరిగి కప్పవలెను. బూజు పట్టిన భాగమును పశువులకు పెట్టరాదు.

ఆవు ఒకటికి దినమునకు 20 కిలోల వంతున 90 దినములకు 1,800 కిలోల పాతరగడ్డి కావలెను. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు గల గుంట రమారమి రెండు ఆవులకు సరిపోవును.

వరిగడ్డిని కూడ బలవర్ధకము చేయవచ్చును. 100 కిలోల గడ్డిపై, 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి చల్లి, 21 దినములు గాలి చొరకుండ కప్పియుంచవలెను. మేపుటకు ముందు కొంతసేపు గాలికి ఆరబెట్టవలెను. మోతాదు మించరాదు. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు.

ఇందు పంచాయతీ బాధ్యత యేమి? రాజ్యాంగపు 11వ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో పశుసంవర్ధకమును, పశుగ్రాసమును కలవు. చిన్నరైతు ఒక్కడే మేత నరుకు యంత్రమును కొనజాలడు; పదిమంది కలిసిన కొనగలరు. సభ్యులు సెప్టెంబరులోనే గ్రామసభ జరిపి, ఊరి పశువుల లెక్క తీసి, ఎంత మేత కావలెనో, ఎవరి పొలమున ఎంత పండునో తేల్చవలెను. గ్రామపు ఉమ్మడి బీళ్ళలో అవిశ, సుబాబుల్ నాటింపవలెను. సందేహము కలిగినచో పశువైద్యుని సంప్రదింపవలెను. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము చేరువన తిరుపతిలోనే కలదు.

జనవరిలో మేతను పాతరవేసిన గ్రామమున మే నెలలో ఆవును సంతకు తోలవలసిన అగత్యము తగ్గునని మా విశ్వాసము.