పన్‌చక్కీ: నీళ్లే తిరగలి తిప్పిన చోటు

పిండి పట్టించుకోవడానికి వెళ్తూ మన ఇళ్లలో ఇప్పటికీ "చక్కీకి వెళ్లొస్తా" అంటుంటాం. కరెంటు లేని రోజుల్లో ఆ చక్కీని మనిషి, ఎద్దు సాయం లేకుండా నీళ్లే తిప్పిన చోటు ఒకటుంది. అదే ఔరంగాబాద్‌లో (నేటి ఛత్రపతి శంభాజీనగర్) ఖామ్ నది ఒడ్డున ఉన్న పన్‌చక్కీ. ఆ ఊరు మనకు పరాయిది కాదు. 1763లో హైదరాబాద్‌కు మారేదాకా ఆసఫ్‌జాహీల రాజధాని అదే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది.

బుఖారా ప్రాంతం నుంచి వచ్చిన నక్ష్‌బందీ సూఫీ హజ్రత్ బాబా షా ముసాఫిర్ ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన ఖాన్‌ఖాకు ఫకీర్లు, బాటసారులు, చదువుకునే పిల్లలు వచ్చేవారు. అందరికీ రొట్టె పెట్టాలంటే రోజూ ఎంత పిండి కావాలి! తుర్క్‌తాజ్ ఖాన్ అనే అమీరు కట్టించిన ఈ చక్కీ ఆ అవసరం తీర్చింది.

ఇది పనిచేసే తీరు తేలికే. ఊరికి ఉత్తరాన హర్సూల్ వైపు నుంచి, కొన్ని కిలోమీటర్ల దూరం, భూమిలో వేసిన మట్టి గొట్టాల గుండా నీళ్లు వస్తాయి. దీన్నే నహర్ అంటారు. మోటారు లేదు, పంపు లేదు. నేల వాలు, నీటి ఒత్తిడి, అంతే! చివర్లో నీళ్లు ఎత్తైన గోడ మీదికెక్కి హౌజులోకి దూకుతాయి. ఆ నీటి జోరుకే చక్కీ అడుగున రెక్కల చక్రం తిరుగుతుంది. దానికి బిగించిన ఇరుసు పై రాయిని తిప్పుతుంది. కింది రాయి కదలదు. రెండింటి మధ్య గింజలు నలిగి పిండవుతాయి. హౌజు కింద స్తంభాల హాలొకటి ఉంది. నెత్తిన నీళ్లుండటంతో ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది.

ఈరోజు పన్‌చక్కీకి వెళ్లేవాళ్లు హౌజు దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. అసలు ప్రాణం కనిపించని ఆ గొట్టాల్లో ఉంది. వాటి మీద ఇళ్లు కట్టినా, రోడ్డు కోసం తవ్వినా ఎక్కడో ఒకచోట పగులుతాయి. అక్కడ పగిలితే ఇక్కడ చక్రం ఆగిపోతుంది. గోడలకు సున్నం కొడితే కట్టడం నిలుస్తుందేమో, చక్కీ మాత్రం తిరగదు.

పెద్దలు వదిలి వెళ్లిన కట్టడాలను కాపాడాలని మనం తరచూ అనుకుంటాం. పన్‌చక్కీని కాపాడాలంటే ముందు దాని నీటి దారిని కాపాడాలి. ఈసారి అటు వెళ్తే పిల్లలకు హౌజుతో పాటు ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో కూడా చెప్పండి.